శుద్ధి కేంద్రం పక్కన ఖాళీ స్థలం ఎందుకు వదలాలి

మా శ్రీకాకుళంలో భూగర్భ డ్రైనేజీ, మురుగునీటి శుద్ధి గురించి మాట వచ్చినప్పుడల్లా ఎన్ని కోట్లవుతాయి, ఎప్పటికి పూర్తవుతుంది అనే రెండు ప్రశ్నలే ఎక్కువగా వినిపిస్తాయి. కట్టిన కేంద్రం పాతబడిన నాడు ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే అడగవలసిన ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం. ఊరి కాలువల నీరు చివరికి చేరేది నాగావళికే. ఆ నది ఇసుకలోని ఊటబావులే మనకు తాగునీరిస్తున్నాయి కనుక, ఈ విషయంలో ఒక తరం చేసిన పొరపాటు తరువాతి తరం గొంతులోకి దిగుతుంది.

ఇటువంటి కేంద్రం ఎంతకాలం పనిచేస్తుందన్నది ఊహించి చెప్పే సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ మాన్యువల్ మురుగు గొట్టాలకు 30 ఏళ్లు, పంపుల యంత్రాలకు 15 ఏళ్లు లెక్క వేసి డిజైన్ చేయమంటుంది. కాంక్రీటు అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుందనుకుంటాం గానీ, గాలి ఆడని మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకప్పు తడికి అంటుకున్నప్పుడు, అక్కడి సూక్ష్మజీవులు దానిని గంధకామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం సిమెంటును పిండి చేసి, లోపలి ఇనుప కడ్డీలను బయటపెడుతుంది. బయటి గోడకు ఏటా సున్నం వేస్తున్నా లోపల జరిగే ఈ నష్టం కనబడదు.

కట్టడం గట్టిగానే ఉన్నా నిబంధనలు మారి కేంద్రం పాతదైపోవడం కూడా ఉంది. శుద్ధి చేసి వదిలే నీటిలో మిగిలిన సేంద్రియ మలినాన్ని బీఓడీ అనే కొలతతో చూస్తారు. మెట్రోలు కాని పట్టణాలకు 2017 నాటి కేంద్ర నిబంధన లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు అనుమతించగా, 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మహానగరాలకు సూచించిన 10 మిల్లీగ్రాముల పరిమితినే దేశమంతటికీ వర్తింపజేయాలని ఆదేశించింది. 1990లలో యమునా కార్యాచరణ ప్రణాళిక కింద కట్టిన యూఏఎస్‌బీ కేంద్రాలకు, అంటే గాలి అక్కరలేని సూక్ష్మజీవులతో మురుగును శుద్ధి చేసేవాటికి, కరెంటు ఖర్చు తక్కువే గానీ, అదనపు శుద్ధి దశ చేర్చకుండా ఈ 10ని అందుకోవడం వాటి వల్ల కాదు.

అసలు చిక్కు మార్చే సమయంలో వస్తుంది. రోడ్డు మరమ్మతుకు రాకపోకలను మళ్లించవచ్చు, బడి మరమ్మతుకు సెలవులివ్వవచ్చు, మురుగును మాత్రం ఒక్క పూట కూడా ఆపలేము. అందుచేత పాతది నడుస్తుండగానే దాని పక్కన కొత్తది కట్టి, నీటిని విడతలుగా అటు మళ్లించాలి. కొత్త తొట్టెలో మురుగును తిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు వాటంతట అవే వృద్ధి చెందాలంటే వారాలు పడుతుంది కనుక, పాలకు తోడు వేసినట్లు, పాత కేంద్రంలోని సజీవమైన బురదనే తెచ్చి కలుపుతారు. పాతది బతికి ఉండగానే కొత్తది మొదలు కావాలనడానికి ఇదొక్క కారణం చాలు. ఢిల్లీలోని ఓఖ్లాలో శుద్ధి 1937లోనే మొదలైంది. అక్కడి పాత విభాగాల స్థానంలో రోజుకు 564 మిలియన్ లీటర్ల కొత్త కేంద్రాన్ని అదే ప్రాంగణంలో కట్టగలిగారంటే, అందుకు చోటుండడమే ప్రధానమని నేను భావిస్తాను.

మన దగ్గర ఆ చోటు ఎక్కడ? మురుగు తనంతట తాను పారి రావాలంటే కేంద్రం పల్లంలో, అంటే నది వైపే ఉండాలి. కానీ ఒడిశా కొండల్లో కురిసిన వానకు నాగావళి పొంగినప్పుడు మొదట మునిగేదీ ఆ పల్లమే. కాబట్టి మోటార్లను, కరెంటు ప్యానెళ్లను వరద మట్టానికి పైన కట్టాలి. తుఫాను సంగతి మనకు ఒకరు చెప్పనక్కర లేదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తొట్టెలోకి గాలి పంపే బ్లోయర్లు అన్ని రోజులు ఆగితే మురుగును తినే సూక్ష్మజీవులు చనిపోతాయి. అందువల్ల బ్లోయర్ల భారం మోయగల జనరేటర్‌ను, దానికి సరిపడా డీజిల్ నిల్వను మొదటి అంచనాలోనే చేర్చాలి.

సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీల కోసం కూడా విడిగా ఏర్పాటు ఉండాలి. వాటిలోని మడ్డి మామూలు మురుగు కంటే ఎన్నో రెట్లు చిక్కన. దానిని నేరుగా తొట్టెలో గుమ్మరిస్తే కేంద్రం తట్టుకోలేదు. ఇల్లిల్లూ గొట్టాలకు కలిసేదాకా ఆ లారీలు తిరుగుతూనే ఉంటాయి కదా.

స్థల సేకరణ కాగితాలు కదిలేటప్పుడు, ఇప్పటి అవసరానికి తగిన స్థలంతో పాటు మరో అంత విస్తీర్ణాన్ని పక్కనే కొని, దానిని మరే కట్టడానికీ ఇవ్వరాదని కౌన్సిల్ తీర్మానం చేయాలని నేను కోరుతున్నాను. పాత తొట్టెలను కూల్చే రోజు వచ్చినప్పుడు వాటి అడుగున విషవాయువులు నిలిచి ఉంటాయి. రక్షణ లేకుండా మనిషిని అలాంటి చోట దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అందువల్ల యంత్రాలు లోపలికి దిగేందుకు వీలుగా తొట్టె పక్కన దారి వదలాలన్న షరతును కూడా ఈ మొదటి టెండరులోనే రాయాలి.