ఐకేపీ సెంటర్ ఇన్‌చార్జిగా నా మొదటి యాసంగి

2025 యాసంగికి మా ఊరి ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) వడ్ల కొనుగోలు కేంద్రం బాధ్యతను గ్రామ సంఘం, అంటే ఊళ్ళోని మహిళా పొదుపు సంఘాల సమాఖ్య, నాకు అప్పగించింది. మాది నల్గొండ జిల్లా. పొదుపు సంఘంలో ఏళ్ళ తరబడి పుస్తకాలు రాశాను కాబట్టి లెక్కలంటే బెదురు లేదు. టెన్షనంతా మనుషులతోనే.

సెంటర్‌లో ఎవరెవరుంటారో చూడండి. కుప్ప పోసిన రైతు మా ఊరివాడే, వరసకు బావో మామో చిన్నాయనో అవుతాడు. సంచులు నింపి, కాంటా వేసి, కుట్టి, లారీకెత్తే హమాలీలకు కూలి ఇచ్చేది రైతు. లారీ పంపేది ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు. మిల్లు కేటాయించేది సివిల్ సప్లయిస్ వాళ్ళు. ఎవరు ఎన్ని ఎకరాలు వరి వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించేది ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి. నాతోపాటు కమిటీలో కూర్చునేది నాలాంటి సంఘం ఆడవాళ్ళే. వీళ్ళలో ఒక్కరికీ నేను జీతం ఇవ్వను, ఒక్కరినీ తీసేయలేను. ఏ పని ఆగినా మాత్రం అందరూ వచ్చి అడిగేది ఇన్‌చార్జినే.

సీజన్ ముందు శిక్షణ పెట్టారు. తేమ 17 శాతం దాటకూడదు, మట్టీ రాళ్ళూ 1 శాతం, గడ్డీ తాలూ లాంటివి 1 శాతం, ముడుచుకుపోయిన గింజ 3 శాతం వరకు ఫర్వాలేదు అని చెప్పారు. ఆ సీజన్‌కు మద్దతు ధర ఏ గ్రేడు క్వింటాలు 2,320 రూపాయలు, సాధారణ రకం 2,300. సన్నవడ్లా దొడ్డువడ్లా అనేది కంటితో తేల్చకూడదు. గింజ పొట్టు తీసి, చిన్న పరికరంతో బియ్యపు గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 లోపు ఉన్నాయో లేదో కొలవాలి. ట్యాబ్‌లో ఎంట్రీ ఎలా చేయాలో చూపించారు. మధ్యాహ్నం భోజనం పెట్టి పంపించారు. శిక్షణ బాగానే ఉంది. వడ్ల గురించి అన్నీ చెప్పారు, వడ్ల చుట్టూ ఉండే మనుషుల గురించి మాత్రం ఒక్క మాటా లేదు.

నాకు అసలు శిక్షణ అంతకుముందే అయింది, పొదుపు సంఘంలో. పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుంటాం. ఎవరు ఎంత కట్టారు, ఎవరు వాయిదా తప్పారు అన్నది అందరూ వినేలా చదువుతాం. తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెడతాం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, సంఘంలోనే అప్పులు, సకాలంలో వాయిదా, పుస్తకాలు సరిగ్గా రాయడం. వీటినే పంచసూత్రాలంటారు, సంఘం ఆడవాళ్ళందరికీ కంఠస్థం. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పుడు బ్యాంకులు తాకట్టు ఏమీ లేకుండా అప్పులిచ్చింది ఈ పద్ధతి మీద నమ్మకంతోనే. సంఘంలో అధ్యక్షురాలి మాట చెల్లుబాటయ్యేది ఆమె పెద్దమనిషి కావడం వల్ల అని నేననుకోను. పుస్తకం అందరి నడుమా తెరిచి ఉంటుంది కాబట్టి చెల్లుతుంది. సెంటర్‌లోనూ ఆ పుస్తకాన్ని నడిబజార్లో పెట్టాలి అనుకున్నాను.

మొదటి తగవు వరుస దగ్గర వచ్చింది. కోత మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, ట్రాక్టరు పొలం నుంచి నేరుగా సెంటర్‌కే వస్తుంది. కుప్ప పోసిన తేదీని బట్టి నంబరిస్తే, ముందు చోటు పట్టుకోవడానికి పచ్చి వడ్లే తెచ్చి పోస్తారు. తేమ తగ్గినవాళ్ళకు ముందు అంటే, ‘నీ మనిషికైతే తేమ మిషన్ తక్కువ చూపిస్తది’ అంటారు. ఈ రెండూ గాలి మాటలు కావు, పక్క ఊళ్ళలో జరిగినవే. కమిటీ కూర్చుని ఒక పద్ధతి రాసుకున్నాం. వచ్చిన తేదీని బట్టే నంబరు. వంతు వచ్చినప్పుడు తేమ 17 లోపు ఉంటే కాంటా. లేకపోతే తర్వాతివాళ్ళకు కాంటా, ఈయన ఆరబోసుకోవాలి. నంబరు మాత్రం పోదు, ఆరగానే ఆయనే ముందు. బడి నుంచి ఒక పాత నల్లబోర్డు అడిగి తెచ్చి, సుద్దముక్కతో నంబర్లు రాసి గేటు దగ్గర నిలబెట్టాం.

తేమ చూడడానికీ ఒక క్రమం పెట్టాం. కుప్ప పైన, నడుమ, అడుగున మూడు చోట్ల పిడికెడు పిడికెడు తీసి కలపాలి. మిషన్‌లో పోశాక అంకె మేం చదవం. రైతే చదివి చెబుతాడు, మేం రిజిస్టర్లో రాస్తాం, ఆయన సంతకం పెడతాడు. చదువు రాని పెద్దవాళ్ళకు పక్క కుప్ప రైతు చదివి చెప్పాలి. పక్క కుప్పాయన తేమ తగ్గించి చెప్పడు, చెబితే తన వంతే కదా వెనక్కి పోయేది! ఈ ఏర్పాటు పెట్టాక మిషన్ మీద గొడవ దాదాపు లేకుండా పోయింది. 19 వచ్చిందని తిట్టుకున్నా, ఎండను తిట్టారు కానీ మమ్మల్ని తిట్టలేదు.

ఫోన్ల సంగతి వేరు. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒకాయన రాత్రి ఫోన్ చేసి, ‘మనోని కుప్ప రేపు లేపాలమ్మా’ అన్నాడు. ఇలాంటి చోట ‘చూస్తానన్నా’ అని తప్పించుకోవడం మన అలవాటు. ఆ మాట కొంప ముంచుతుంది, అవతలివాళ్ళు దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంటారు. నేను ‘ఆయన ముందు తొమ్మిది మంది ఉన్నారన్నా, బోర్డు మీద రాసుంది, పొద్దున వచ్చి చూడండి’ అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. వారం దాకా నాతో మాట్లాడలేదు. బోర్డు దగ్గరికి మాత్రం మనిషిని పంపించి చూసుకున్నాడని తర్వాత తెలిసింది.

కమిటీలో ఎవరికి ఏ పని ఇవ్వాలన్నది నేను చాలా ఆలోచించిన విషయం. మామూలుగా పదవిని బట్టి ఇస్తారు, కోశాధికారి అయితే డబ్బు, కార్యదర్శి అయితే రాత. నేను స్వభావాన్ని చూసి ఇచ్చాను. నాకు వరసకు అత్త అయ్యే ఒకామె ఉంది, ఆమె నోటికి ఊరంతా జంకుతుంది. ఆమెను బోర్డు దగ్గర కూర్చోబెట్టాం. మా వదిన ఒకామె రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, కానీ చేతికిచ్చింది పోగొట్టదు. గన్నీ సంచుల రిజిస్టరు ఆమెది. బయటివాళ్ళకు ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. వచ్చిన ప్రతి ఖాళీ సంచికీ సీజన్ చివర లెక్క చెప్పాలి, తగ్గితే ఆ భారం సంఘం మీదే పడుతుంది. ట్యాబ్ ఎంట్రీకి డిగ్రీ మధ్యలో ఆపేసిన ఒక కొత్త కోడలు దొరికింది. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు ఖాతా చూసుకుని, రైతు ఫోన్‌కొచ్చిన ఓటీపీ అడిగి, టకటకా ఎక్కించేది.

ఈ అమ్మాయికీ అత్తకూ ఒక మధ్యాహ్నం చెడింది. ఏదో సర్వే నంబరు దగ్గర అత్త కల్పించుకుంటే, ఆ పిల్ల నలుగురు రైతుల ముందు ‘నీకు తెల్వదు, ఆగు’ అంది. అత్త చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. బోర్డు దగ్గర ఎవరూ లేకపోయేసరికి మధ్యాహ్నానికే ఇద్దరు రైతులు చొక్కాలు పట్టుకున్నారు. సాయంత్రం నేను అత్త ఇంటికి వెళ్ళాను. పిల్లది తప్పనీ అనలేదు, అత్తది తప్పనీ అనలేదు. పొద్దున జరిగిన గొడవ చెప్పి, ‘నువ్వుంటే ఇట్లయ్యేదా అత్తా?’ అన్నాను. కాసేపు ఊరుకుని, ‘చిన్నదో పెద్దదో, ఏదున్నా పదిమందిలో అనకుంటే వస్త’ అంది. ఆ షరతునే మా సెంటర్ నియమం చేసుకున్నాం. పగలు ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదు. కాంటా ఆగాక గన్నీ కట్టల మీద కూర్చుని ముందు ఆ రోజు లెక్క చూసుకోవాలి, తర్వాతే మనసులో ఉన్నది చెప్పుకోవాలి. లెక్క చూసేసరికి సగం కోపం దిగిపోయేది.

హమాలీల ముఠా బీహార్ నుంచి వచ్చింది. మా ఊళ్ళో ఇదొక మాట ఉంది, హమాలీలు మొండివాళ్ళని. నాకు కనిపించింది వేరు. కమిటీ సభ్యురాలు ఒకరు ఈ కుప్ప నింపమంటారు, రైతు తన కుప్ప అంటాడు, ఇంకొకరు లారీ వచ్చింది లోడింగ్ చేయమంటారు. ముగ్గురు మూడు వైపులా లాగితే ఎవరైనా గోనె పరుచుకుని పడుకుంటారు. అందుకని పని చెప్పేది ఒక్కరే, చెప్పేది కూడా మేస్త్రీకే అని కట్టడి చేశాం. రైతులు కూడా నేరుగా చెప్పకూడదు. బీకాం చదివే మా అమ్మాయి ఇది విని, మా పుస్తకంలో ఉందమ్మా అంది. హెన్రీ ఫేయోల్ అనే ఫ్రాన్స్ గనుల ఇంజినీరు 1916లో చెప్పిన 14 సూత్రాల్లో ఇదీ ఒకటట, ఒక మనిషికి ఒకరే చెప్పాలని. పై నుంచి కిందికి వరుసగా మాట నడవాలని కూడా అన్నాడట. తొందర పని అయితే మాత్రం రెండు విభాగాల్లో సమానంగా ఉన్నవాళ్ళు పైవాళ్ళ అనుమతితో నేరుగా మాట్లాడుకోవచ్చట. ఈ చివరిది నాకు బాగా పనికొచ్చింది. మా ట్యాబ్ అమ్మాయీ మిల్లు గుమాస్తా నేరుగా ఫోన్‌లో మాట్లాడుకునేలా మండలంలో మా సంఘాల పనులు చూసే ఏపీఎం సార్‌తో చెప్పించాను. అంతవరకు లారీ వెంట పంపే ట్రక్ షీట్ అనే లోడు కాగితంలో ఒక అంకె తేడా వస్తే అది నా దగ్గరికి, నా నుంచి ఏపీఎం కింద పనిచేసే సీసీ దగ్గరికి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో తిరిగి మిల్లుకు చేరేది. మిల్లు రసీదు ఆన్‌లైన్‌లో ఎక్కితేగానీ రైతు ఖాతాలో డబ్బు పడదు కాబట్టి ఆ ఆలస్యం ఊరికే పోయేది కాదు.

హమాలీలకు మేం చేసిన మరో ఏర్పాటు చాలా చిన్నది. రెండు ట్యాంకుల చల్లని నీళ్ళు, ఒక పందిరి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు కాంటా బంద్. ఆ రెండు గంటల మీద రైతులు గొణిగారు. కానీ సాయంత్రం చల్లబడ్డాక సంచులు లేచే వేగం చూసి ఊరుకున్నారు.

లారీలు రాని వారం అన్నిటికంటే కష్టమైంది. కాంటా అయిన సంచులు నిట్టులు పెట్టి ఉన్నాయి, మిల్లులో దించే చోటు లేదు, ఆకాశం మబ్బు పట్టింది. ఇలాంటప్పుడు అందరూ చేసేది పై అధికారికి ఫోన్ చేసి ఏడవడం. ఆ సార్ల దగ్గర అలాంటి ఏడుపులు రోజుకు యాభై ఉంటాయి. నేను రోజూ సాయంత్రం ఐదింటికి ఒకే తీరు మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను: ఈ రోజు కాంటా అయిన సంచులు, మిల్లుకు పోయినవి, మిగిలినవి, అన్నిటికంటే పాత సంచి ఎన్నాళ్ళుగా ఉంది. విమర్శ లేదు, దండాలు లేవు. మొదట జవాబు రాలేదు. కొన్నాళ్ళకు, మెసేజ్ కాస్త ఆలస్యమైతే ‘ఈ రోజు లెక్క పెట్టలేదేం’ అని అవతలి నుంచే ఫోన్ వచ్చింది. రెండు లారీలు అదనంగా వచ్చింది ఆ తర్వాతే.

ఈలోపు వాన కొట్టింది. టార్పాలిన్లు కుప్పల కంటే తక్కువ. ఎవరికి ఇవ్వాలన్నది వాన రాకముందే తీర్మానం రాసి ఉంచడం మమ్మల్ని కాపాడింది. ముందు కాంటా అయిన సంచులకు, ఎందుకంటే అవి ఇక సెంటర్ బాధ్యత. తర్వాత ఆరిన కుప్పలకు. పచ్చి కుప్పలకు చివర్లో. మా సొంత చిన్నాయన కుప్ప పచ్చిదే. ఆయన తడుస్తూ నిలబడి నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. పిన్ని అయితే దసరాకు కూడా మా ఇంటికి రాలేదు.

తరుగు గురించి చెప్పకుండా ఉండలేను. సంచి బరువు కలుపుకుని 40 కిలోల 600 గ్రాములు తూచి పంపిస్తాం. మాకు కేటాయించిన మిల్లు వాళ్ళు తాలు ఉందంటూ సంచికి కొంత కోత వేశారు. రైతుల కోపం ఎదురుగా ఉన్న మా మీద పడుతుంది. ‘మాట్లాడి తగ్గిస్తాం’ అనడం తేలిక, అది నా చేతిలో ఉన్న పని కాదు. నా చేతిలో ఉన్నది కాగితం. తూర్పార పట్టాకే కాంటా వేశామని రైతు సంతకం, తేమ అంకె, లారీ నంబరు అన్నీ ఒక్కో లోడుకు జతచేసి రైతుల్నే వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు తీసుకెళ్ళాను. కొన్ని లోడ్లకు కోత తీసేశారు. కొన్నింటికి తీయలేదు. కోత తీయని లోడ్ల రైతులకు ఆ మాట ముఖాన చెప్పడం ఈ సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టం లేని పని.

ముగింపు సమావేశంలో గన్నీ లెక్క, కరెంటు బిల్లు, టెంటు అద్దె, రావలసిన కమీషన్ అన్నీ చదివి వినిపించాం. వానాకాలం సీజన్‌కు కూడా నువ్వే ఉండమన్నారు. రెండు షరతులు పెట్టాను. తేమ మిషన్లు రెండు కావాలి. నా పక్కన మొదటి రోజు నుంచే ఇంకొకరు కూర్చుని పని నేర్చుకోవాలి, ఆ పై సీజన్‌కు ఇన్‌చార్జి ఆమే. మిషన్‌కు ఒప్పుకుని అక్కడే తీర్మానం రాశారు. రెండోదానికి ఎవరి పేరు రాయాలన్న దగ్గర అత్తా, ట్యాబ్ అమ్మాయీ ఇద్దరూ చెయ్యెత్తారు. వచ్చే నెల సమావేశానికి వాయిదా వేశాం.