వుడ్‌వర్డ్ అవెన్యూలో మజిల్ కార్ల పంచాయితీ

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్‌లో ఉండాలని చాలా ఏళ్లుగా కోరిక. ఆ రోజు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ రోడ్డెక్కుతాయి. దాని పేరు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్లో పిల్లల సాకర్ మైదానానికి చందాలు పోగుచేద్దామని 1995లో మొదలుపెట్టారు. ఇప్పుడది పాంటియాక్ ఊరి దాకా, దాదాపు 16 మైళ్ల పొడవునా సాగుతోంది. ఈసారి కొలంబస్ నుంచి కారులో బయల్దేరి, టొలీడో మీదుగా ట్రాయ్‌లో మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇంటికి చేరాను. అన్నయ్య కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ట్రాయ్, నోవై, కాంటన్ వైపు ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందిది ఇదే రంగం.

వదిన పప్పుచారు వడ్డిస్తుండగానే వాదన మొదలైంది: మజిల్ కార్లని, అంటే మధ్యరకం బండిలో పెద్ద ఇంజిన్ బిగించిన కార్లని, గొప్పగా కట్టింది ఎవరు? అన్నయ్య ఫోర్డ్ పక్షం. కాలేజీలో చదివే ఆయన కొడుకు షెవర్లే పక్షం. నేను మొదటినుంచీ క్రైస్లర్ వైపే, అంటే డాడ్జ్, ప్లిమత్. ఇక్కడివాళ్లు ఈ బండ్లన్నిటినీ మోపార్ అంటారు.

"ఒరేయ్, మస్టాంగ్ లేకపోతే ఈ కథే లేదురా" అన్నాడు అన్నయ్య.

"మస్టాంగ్ అందమైన బండే అన్నయ్యా, కాదనను. కానీ 1964లో అది వచ్చింది ఫోర్డ్‌వాళ్ల చిన్న కారు, ఆరు సిలిండర్ల ఫాల్కన్ సామాన్లతో. మజిల్ కారంటే అది కాదు కదా" అన్నాను. ఆ రాత్రి అంతకుమించి తేలలేదు.

శనివారం పొద్దున్నే రాయల్ ఓక్‌లో, 13 మైల్ రోడ్డు దగ్గర మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. తొమ్మిదింటికల్లా రోడ్డు నిండిపోయింది. కార్లు కంటపడకముందే వాటి చప్పుడు వినపడుతుంది. ఈ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్‌ని, అంటే వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీని, ఎక్కువ వేగంలో గాలి బాగా ఆడేలా చెక్కుతారు. దానివల్ల బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ సమంగా తిరగదు. పాత బుల్లెట్ బండ్లు నాలుగైదు ఒకేచోట స్టార్ట్ చేసి పెట్టినట్టు, దడదడమని ఛాతీకి తగులుతుంది. వీడియోల్లో ఆ దెబ్బ తెలియనే తెలియదు. దీనికోసమైనా ఒకసారి రావాలి.

మొదట కంటపడిన మంచి బండి 1964 పాంటియాక్ జీటీవో. మజిల్ కార్లు దీంతోనే మొదలయ్యాయని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్‌లో కట్టుబాటు ఉండేది. ఆ జనరల్ మోటార్స్‌లో భాగమైన పాంటియాక్ కంపెనీలో చీఫ్ ఇంజినీరుగా ఉన్న జాన్ డెలోరియన్ బృందం దానికో దారి కనిపెట్టింది. కొత్త మోడల్ అయితే పైవాళ్ల అనుమతి కావాలి గానీ, ఉన్న టెంపెస్ట్ కారుకి ఆప్షన్ అంటే అక్కర్లేదు. అలా 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని, అంటే 6.4 లీటర్లది, ఆప్షన్‌గా ఎక్కించేశారు. ధర 300 డాలర్లకు కాస్త తక్కువ. మన హైదరాబాద్‌లో తిరిగే చిన్న కార్ల ఇంజిన్ 1.2 లీటర్లని గుర్తుపెట్టుకుంటే ఆ సాహసం అర్థమవుతుంది. మొదటి ఏడాదే 32,450 బండ్లు అమ్ముడయ్యాయి.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. కంపెనీ భేదం లేకుండా రోడ్డు పక్కన బానెట్లు తెరుచుకున్నాయి. అన్నయ్య కొడుక్కి అదే మంచి అవకాశం. షెవర్లేవాళ్ల షెవెల్ ఒకదాని దగ్గర నిలబడి నన్ను పిలిచాడు. "బాబాయ్, 1970 ఎల్ఎస్6 ఇంజిన్. 454 క్యూబిక్ అంగుళాలు, 450 హార్స్‌పవర్. మీ క్రైస్లర్ హెమీ ఇంజిన్ 425 దగ్గరే ఆగిపోయింది!"

వాడు చెప్పిన అంకెలు నిజమే. కానీ ఆ కాలంలో హార్స్‌పవర్‌ని అసలు సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ లాంటివి లేకుండా, ఇంజిన్‌ని స్టాండు మీద పెట్టి కొలిచేవాళ్లు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీలు ఇలాంటి బండ్లకు ప్రీమియం బాగా పెంచేయడంతో, కొన్ని ఇంజిన్ల శక్తిని కావాలనే తగ్గించి రాసుకున్నారు. ఫోర్డ్ 1968లో తన 428 కోబ్రా జెట్ ఇంజిన్‌కి 335 అని రాసింది. దాన్ని నడిపినవాళ్లెవరూ ఆ అంకె నమ్మలేదు. 1972 నుంచి కొలిచే పద్ధతే మారింది. అందుకే కాగితం మీది హార్స్‌పవర్‌తో ఈ తగువు తీర్చడం నాకు నచ్చదు.

మరి దేంతో తీర్చాలి? నాకు జవాబు దొరికింది ఒక పెట్రోల్ బంకు పక్కన. అక్కడ 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ నిలబడి ఉంది. యజమాని రిటైరైన పెద్దాయన, 1970ల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. అడగ్గానే తలుపు తీసి లోపల చూపించారు. ముందు ఒకటే పొడుగాటి బెంచీ సీటు. కింద తివాచీ లేదు, రబ్బరు చాప. కిటికీలకు క్రోమ్ సోకులేవీ లేవు. బానెట్ కింద మాత్రం 383 ఇంజిన్. పెద్ద 440 ఇంజిన్ సిలిండర్ హెడ్లు, క్యామ్‌షాఫ్ట్ దీనికి బిగించి 335 హార్స్‌పవర్ రాబట్టారు. నాలుగు గేర్లు, గట్టి సస్పెన్షన్ అన్నీ అసలు ధరలోనే. ఆ ధర 2,896 డాలర్లు.

1968 నాటికి మజిల్ కార్లు సోకులు పెరిగి, కుర్రాళ్ల జేబుకి దూరమవుతున్నాయి. ప్లిమత్‌వాళ్లు డబ్బంతా ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ పెట్టి, మిగతావన్నీ తీసేశారు. సోకు కోసం ఖర్చు పెట్టింది ఒక్క పేరు మీదే. కార్టూన్ పక్షి పేరు, బొమ్మ వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు కట్టారు. హారన్ కూడా ఆ పక్షి కూతే. పెద్దాయన అన్నయ్య కొడుకుని సీట్లో కూర్చోబెట్టి హారన్ కొట్టమన్నారు. బీప్ బీప్! చుట్టూ ఉన్న జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది దాదాపు 45,000 బండ్లు అమ్ముడయ్యాయంటే ఆశ్చర్యమేముంది?

"ఫ్యాక్టరీలో షిఫ్టు చేసుకునే కుర్రాడు శుక్రవారం జీతం తీసుకుని, శనివారం రాత్రి ఇదే రోడ్డు మీద అందర్నీ దాటేసేవాడు" అన్నారాయన. ఎవరు గొప్పగా కట్టారు అనే ప్రశ్నకి నా కొలత ఇదే. మజిల్ కారు ఎవరికోసం పుట్టిందో వాళ్ల చేతికి అందించింది ప్లిమత్. మూడు పెద్ద కంపెనీల్లో చిన్నది క్రైస్లర్, అయినా ఆ పని అదే చేసింది.

అదే బండికి 700 డాలర్లకు పైగా కలిపితే 426 హెమీ వేసి ఇచ్చేవాళ్లు. ఆ ఇంజిన్‌లో మంట పుట్టే గది అర్ధగోళంలా ఉంటుంది. వాల్వులు ఎదురెదురుగా కూర్చుంటాయి కాబట్టి పెద్దవి పెట్టొచ్చు, గాలి అడ్డంకి లేకుండా లోపలికీ బయటికీ పోతుంది. 1964 డేటోనా 500 కార్ల రేసులో ఈ ఇంజిన్‌తోనే రిచర్డ్ పెట్టీ గెలిచాడు, మొదటి మూడు స్థానాలూ ప్లిమత్‌వే. రేసు కోసం పుట్టిన ఆ ఇంజిన్‌ని 1966 నుంచి మామూలు షోరూముల్లో అమ్మారు. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, పెట్రోల్ తాగుడు సంగతి చెప్పక్కర్లేదు. అయినా నాకు అంత ఇష్టమైన ఇంజిన్ ఇంకోటి లేదు.

సాయంత్రం అన్నయ్యే ఒక మోపార్ కథ చెప్పాడు. డెట్రాయిట్ పోలీసుశాఖలో పనిచేసిన గాడ్‌ఫ్రీ క్వాల్స్ అనే ఆయన దగ్గర నల్లటి 1970 డాడ్జ్ హెమీ చాలెంజర్ ఉండేది. రాత్రిళ్లు వచ్చి, పందెంలో గెలిచి మాయమైపోయేదట. అందుకే దానికి బ్లాక్ ఘోస్ట్ అని పేరు. 2020లో ఆ బండికి అమెరికా చారిత్రక వాహనాల జాబితాలో చోటు దక్కింది. ఫోర్డ్ పక్షం మనిషి నోటి వెంట అది వినడం నాకెంతో సంతోషమనిపించింది.

ఆదివారం డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం. సీరియల్ నంబర్ ఒకటి మస్టాంగ్ అక్కడే ఉంది, తెల్లటి కన్వర్టిబుల్. కంపెనీ అమ్మకూడదనుకున్న ఆ బండిని కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ డీలరు పొరపాటున స్టాన్లీ టకర్ అనే విమాన పైలట్‌కి అమ్మేశాడు. ఫోర్డ్‌వాళ్లు దాన్ని 1966లో వెనక్కి తెచ్చుకున్నారు, బదులుగా మరో కొత్త మస్టాంగ్‌ని ఆయనకిచ్చి.

అన్నయ్య తన చివరి వాదన అక్కడే తీశాడు. "పాంటియాక్ లేదు, ప్లిమత్ లేదు. వీ8 చాలెంజర్, షెవర్లే కమారో రెండూ 2023 డిసెంబర్‌లో ఆగిపోయాయి. మస్టాంగ్ ఇంకా తయారవుతూనే ఉంది కదరా."

అది బలమైన మాటే, ఆ ఓర్పుకి ఫోర్డ్‌ని మెచ్చుకోవాలి కూడా. కానీ ఎక్కువకాలం ఎవరు అమ్మారని కాదు కదా మన ప్రశ్న, గొప్పగా ఎవరు కట్టారని. 1968లో మూడువేల డాలర్లలోపు ఒక కుర్రాడికి రోడ్ రన్నర్‌ని మించిన మజిల్ కారు ఏది దొరికేదో చెప్పమన్నాను. కోబ్రా జెట్ ఇంజిన్ ఉన్న మస్టాంగ్ ధర ఎంతో చూడాలని అన్నయ్య ఫోన్ తీశాడు.