గరుడ సేవ ఆగిపోయిన రాత్రి నుంచి రథోత్సవం దాకా: వైఫైతో నా అనుభవం

2025 సెప్టెంబర్ 28, ఆదివారం. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు, గరుడ సేవ. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ కొండకు వెళ్లి ఆరేళ్లయింది. మూలవిరాట్టుకు వేసే మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామ మాల ఆ ఒక్క రోజే మలయప్ప స్వామికి వేస్తారు. అవి కళ్లారా చూడాలని గుంటూరులో మా ఫ్లాట్ హాల్లో టీవీ ముందు కుర్చీ వేసుకుని, పళ్లెంలో కర్పూరం పెట్టుకుని కూర్చుంది. మాకు డిష్ లేదు, టీవీలో ఏది రావాలన్నా ఇంటర్నెట్ మీదే రావాలి.

రాత్రి మాడ వీధిలో వాహనం దగ్గరగా కనిపించగానే కర్పూరం వెలిగించింది. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగింది. మళ్లీ కదిలేసరికి కర్పూరం కొండెక్కింది. "పోనీలే నాన్నా, రేపు హనుమంత వాహనం ఉందిగా" అంది అమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదో రోజు పొద్దున రథోత్సవం, ఆ లోపు దీన్ని బాగు చేయాలనుకున్నాను.

అదే టీవీలో పాత సినిమాలు ఏ అడ్డూ లేకుండా వస్తాయి. లైవ్ ఒక్కటే ఎందుకు ఆగుతోందో నాకు ముందు అర్థం కాలేదు. సినిమా మొత్తం సర్వర్లో ఉంటుంది కాబట్టి టీవీ కాస్త ముందుగానే లాగి దాచుకుంటుంది. మధ్యలో సిగ్నల్ తడబడినా ఆ నిల్వతో నెట్టుకొస్తుంది. లైవ్‌లో రాబోయే దృశ్యం ఇంకా జరగనే లేదు, దాచుకోవడానికి చేతిలో కొన్ని సెకన్లకు మించి ఉండదు. అందుకే సినిమాలో కనబడని లోపం లైవ్‌లో వెంటనే బయటపడుతుంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. హెచ్‌డీ లైవ్‌కి 8 ఉంటే చాలు. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూశాను. రూటర్ పక్కన 94 వచ్చింది, టీవీ పక్కన 6. నా అభిప్రాయంలో ప్లాన్ మార్చే ముందు ఎవరైనా చేయాల్సిన పని ఈ రెండు చోట్లా కొలిచి చూడటమే.

సోమవారం పొద్దున లైన్ చూసే కుర్రాడు వచ్చి, ఫైబర్‌లో వెలుతురు ఎంత చేరుతోందో కొలిచే మీటర్ పెట్టాడు. మైనస్ 21 డీబీఎం చూపించింది. "మైనస్ 27 దాటితే ఇబ్బంది అన్నా, మీ ఫైబర్ బాగుంది. తేడా ఇంట్లోనే ఉంది" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కన పెట్టి మా రూటర్ అడ్రస్‌కే, అంటే 192.168.1.1కి, పింగ్ పెట్టాను. చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటమే పింగ్. ఒకసారి 3 మిల్లీసెకన్లు, ఒకసారి 380, తర్వాత అసలు జవాబే లేదు. మా ఇంట్లోని టీవీ దగ్గర నుంచి మా ఇంట్లోని రూటర్‌కే మాట చేరడం లేదు. లైన్ కుర్రాడు చెప్పింది నిజం.

రూటర్ పడకగదిలో ఇనప బీరువా వెనక ఉంది. ఫైబర్ ఆ కిటికీలోంచి వచ్చిందని మూడేళ్ల క్రితం అక్కడే పెట్టించుకున్నాం. ఇనుము సిగ్నల్‌ని దాటనివ్వదు, దానికి తోడు మధ్యలో ఇటుక గోడ. ఫైబర్ మడత పడకుండా మెల్లగా లాగి రూటర్‌ని తలుపు పైకి మార్చాను. టీవీ దగ్గర వైఫై సిగ్నల్ మైనస్ 79 నుంచి మైనస్ 66కి వచ్చింది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. హమ్మయ్య అనుకున్నాను. రాత్రి గజ వాహనం మూడుసార్లు ఆగింది.

మంగళవారం పొద్దున సూర్యప్రభ వాహనం మాత్రం చివరిదాకా ఆగకుండా వచ్చింది. పొద్దున బాగుండి రాత్రి ఆగుతోందంటే, రాత్రి పూట ఏదో అడ్డొస్తోందన్న మాట. చుట్టుపక్కల వైఫైలను చూపించే వైఫై అనలైజర్ యాప్ ఫోన్‌లో వేసి చూస్తే మా అపార్ట్‌మెంట్‌లో మా టీవీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద 23 వైఫైలు కనిపించాయి. ఆ తరంగాల్లో చానెళ్లనే వేర్వేరు దారులుంటాయి. ఎక్కువ భాగం 6వ చానెల్ మీదే, మాదీ అక్కడే. గరుడ సేవ రాత్రే దుబాయ్‌లో భారత్, పాకిస్తాన్ ఆసియా కప్ ఫైనల్ కూడా ఉంది. తిలక్ వర్మ 69 పరుగులతో నాటౌట్‌గా గెలిపించిన మ్యాచ్ అది. ప్రతి ఫ్లాట్‌లోనూ లైవ్ నడుస్తోంది, మా తమ్ముడూ లోపల గదిలో ఫోన్‌లో అదే చూస్తున్నాడు. అందరి సిగ్నళ్లూ ఒకే దారిలో వంతు కోసం కాచుకుంటే అమ్మకు ఆ దృశ్యం ఎలా అందుతుంది?

చానెల్ 11కి మార్చాను, కొంచెం నయం. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుదామంటే మా పాత టీవీకి అది లేదు. ఇక వైర్ లాగడమే మార్గం. బజార్లో 20 మీటర్ల క్యాట్ 6 కేబుల్‌కి, అంటే ఇంటర్నెట్ వైరుకి, రెండు చివర్లా క్లిప్పులు బిగించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి పెడితే పోర్ట్ దగ్గర లైట్ వెలగలేదు. ఏడింటికి చంద్రప్రభ వాహనం మొదలైంది, అమ్మ నా ఫోన్‌లో మొబైల్ డేటా మీద చూసింది. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి క్లిప్పులు వెలుతురులో పెట్టి చూశాడు. ఒక చివర నీలం, ఆకుపచ్చ తీగలు తారుమారయ్యాయి. ఆ క్లిప్ కోసేసి, రంగుల వరుస రెండో చివరతో సరిపోల్చి కొత్తది బిగించాడు. తొమ్మిదింటికి లైట్ వెలిగింది. పింగ్ పెడితే ప్రతిసారీ 1 మిల్లీసెకనే.

అక్టోబర్ 1, ఉదయం ఏడు. కేబుల్‌ని ఇంకా గోడకు బిగించలేదు, అమ్మ కాలికి తగలకుండా చాప కింద నుంచి తెచ్చాను. మాడ వీధిలో రథం కదిలింది, గోవింద నామాలు వినిపించాయి. అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి కర్పూరం వెలిగించింది. నేను టీవీ వైపు చూడలేకపోయాను, ఆమె చేతిలోని మంటనే చూస్తూ నిలబడ్డాను. హారతి పూర్తయ్యేదాకా రథం నడుస్తూనే ఉంది. అమ్మ పళ్లెం నా ముందుకు తెచ్చింది, కళ్లకు అద్దుకున్నాను.