చూడలే మేడం

ఈయన రెండుసార్లు లైటు తీసేయమన్నారు. ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

టెన్త్ 'బి'కి లెన్సుల పాఠం. రాత్రి ఇంట్లో వీడియో చూసి రండి, పొద్దున ప్రయోగం చేద్దాం అని గ్రూపులో దీక్ష (సర్కారు పాఠాల యాప్) లింకు పెట్టాను. పొద్దున "ఎవరెవరు చూశారు?" అంటే అన్ని చేతులూ లేచాయి, చివరి బెంచీలో ఒక్కటి తప్ప. "చూడలే మేడం." "అందరికీ కుదిరింది, నీకే కుదరలేదా?" అని కసిరాను. తీరా అడిగితే, చేతులెత్తినవాళ్లలో లెన్సు నాభి, అదే సమాంతర కిరణాలు కలిసే చోటు, అంటే ఏంటో చెప్పింది ఐదుగురే. నిజం చెప్పినవాడికి పడ్డాయి తిట్లు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ల నాన్నతో నైట్ డ్యూటీకి పోతుందట. అదీ పక్కవాడు చెప్పాడు, వాడు కాదు.

నాకు తెలియంది కాదు. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినదాన్నే. ఒక పిల్ల గడప బయట కూర్చుని రాసుకుంటోంది. టీవీ పక్కింటివాళ్లది. కరోనా కదా, లోపలికి రావద్దన్నారు. అక్కణ్నుంచి అక్షరాలు కనపడవు, వినపడిందే రాస్తోంది. అంతలో ఆ ఇంటి పెద్దావిడ సీరియల్ టైమైందని ఛానెల్ మార్చింది. నన్ను చూసి నాలుక్కరుచుకుని మళ్లీ పెట్టేసరికి పాఠం అయిపోయింది. పిల్ల నోట్సులో సగం వాక్యం. నేను 'చూస్తోంది' గడిలో టిక్కు పెట్టాను. ఉన్నవి రెండే గళ్లు మరి.

ఇప్పుడు గళ్లు పోయి ఫొటోలు వచ్చాయి. కిటికీలు మూసి, కొవ్వొత్తి వెలిగించి, చీకట్లో ప్రయోగం చేస్తుంటే మెసేజ్: డిజిటల్ క్లాసు ఫొటో నాలుగింటిలోపు కావాలి, ప్యానెల్ (గోడకున్న డిజిటల్ బోర్డు) కనపడాలి, టీచరు కనపడాలి, పిల్లలు కనపడాలి. పంపాను. చీకటిగా ఉందని తిప్పి కొట్టారు! కిటికీలు తెరిచి, కొవ్వొత్తి ఆర్పి, అందరం ప్యానెల్ వైపు బుద్ధిగా చూస్తూ దిగాం. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పీరియడ్ అయిపోయింది.

ఇక లింకులూ వద్దు, గింకులూ వద్దని స్టాఫ్ రూములో తేల్చేశాను. ఇంటికొచ్చి ఆ వీడియో మళ్లీ చూస్తే నోరు పడిపోయింది. కొవ్వొత్తి జరిగేకొద్దీ కిరణాలూ జరుగుతున్నాయి. ఇన్నేళ్లుగా బోర్డు మీద ఆరు స్థానాలకి ఆరు బొమ్మలు గీస్తున్నాను, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎలా పోతుందో నా చాక్‌పీసు ఎప్పుడూ చూపించలేదు.

కానీ పొద్దున, ఫొటో గోల మొదలవకముందు ఒకటి జరిగింది. పది సెంటీమీటర్ల నాభ్యంతరం (లెన్సు నుంచి నాభికి దూరం) ఉన్న లెన్సు. కొవ్వొత్తి పదిహేను దగ్గర పెడితే ముప్పై దగ్గర కాగితం మీద మంట తలకిందులుగా, రెండింతలై ఊగింది. ఎనిమిదికి జరిపాను. "రాదు మేడం, మిథ్యా ప్రతిబింబం" అని, అంటే కాగితం మీద పడనిదని, ముందు బెంచీల కోరస్. చివరి బెంచీవాడు మాత్రం కాగితం పట్టుకుని వెనక గోడ దాకా వెతుక్కుంటూ పోయాడు. "ఎటు పాయె మేడం?"

అంటే వీడియో తర్వాత వేయాలేమో, అదీ ఇంటికి పంపకుండా క్లాసులోనే. రేపు మూడో పీరియడ్, కరెంటుంటే. వాడికి సారీ అందరి ముందు చెబితే ఇంకా ముడుచుకుపోతాడా అన్నదే తేలట్లేదు. ఇదిగో, ఈయనే లేచి లైటు తీసేశారు.