కుందేలును పాతిపెట్టిన తోట

లండన్‌లో ఈస్ట్ హామ్ అనే చోట మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండటానికి వెళ్లాను. చూడాల్సిన చోట్లంటూ మా అల్లుడు పెద్ద లిస్టు రాసిచ్చాడు. అందులో లేని ఊరు ఒకటి నేనే అడిగాను, కేంబ్రిడ్జి. అక్కడి కాలేజీలు తర్వాత సంగతి. మాల్టింగ్ లేన్ మూలన ఉన్న ఒక ఇల్లు చూడాలని నా కోరిక.

ముప్పై ఒక్క ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పాను. ట్రైనింగ్‌లో పిల్లల ఆలోచన మీద పరిశోధన చేసిన పియాజే, పిల్లల బడుల మాంటిస్సోరి పేర్లు బట్టీ పట్టాం గానీ, ఒకప్పుడు ఆ ఇంట్లో చిన్నపిల్లల బడి నడిపిన సుసాన్ ఐజాక్స్ పేరు మాకెవరూ చెప్పలేదు. రిటైరయ్యాక ఆవిడ గురించి చదివి, ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదా అని బాధపడ్డాను.

జూలైలో ఒక శనివారం కింగ్స్ క్రాస్‌లో రైలెక్కాం. అమ్మాయి, ఐదేళ్ల మనవరాలు, నేను. మనవరాలు కిటికీ పక్కన కూర్చుంది. మా అమ్మాయి, "ఎవరమ్మా ఆవిడ, ఇంత ఇదిగా వెళ్తున్నావు?" అని అడిగింది. దారి పొడుగునా చెప్పాను.

1885లో లాంకషైర్‌లో, బోల్టన్ దగ్గర టర్టన్‌లో పుట్టింది సుసాన్. ఆరేళ్లకే తల్లి పోయింది. తండ్రి పత్రికల్లో పనిచేసేవాడు, మెథడిస్ట్ అనే క్రైస్తవ శాఖ చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. చదువుకునే వయసులోనే ఈ పిల్ల తనకు దేవుడి మీద నమ్మకం లేదంది. అంతే, ఆయన బడి మాన్పించేశాడు. రెండేళ్లపాటు ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ రెండేళ్లు! ఈ మాట చెప్తుంటే నా గొంతు పట్టేసింది. ఇలాంటి ఇళ్లు మా ఊళ్లోనూ చూశాను. పిల్ల ఎదురుగా తిరుగుతున్నా కంచం వాళ్లమ్మ చేతే పంపించే తండ్రులు ఉంటారు.

ఇరవై దాటాక మాంచెస్టర్ యూనివర్సిటీలో చిన్నపిల్లల టీచర్ ట్రైనింగ్‌కి చేరింది. అక్కడి మేష్టర్లు ఆమె తెలివి చూసి డిగ్రీలో చేర్పించారు. 1912లో ఫిలాసఫీలో ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో సైకాలజీ, లెక్చరర్ ఉద్యోగాలు, మనసు లోతుల్ని పరిశీలించే సైకో ఎనాలసిస్ చదువు. 1924లో పేపర్లో ఒక ప్రకటన చూశారు. జెఫ్రీ పైక్ అనే ఆయన తన కొడుకు కోసం సొంతింట్లోనే బడి పెడుతున్నాడు, నడపడానికి బాగా చదువుకున్న మనిషి కావాలి. ఆవిడ ఒప్పుకున్నారు.

కేంబ్రిడ్జిలో దిగి బస్సులో ఊళ్లోకి వెళ్లి, సిల్వర్ స్ట్రీట్ వంతెన దాటి, న్యూన్‌హామ్ రోడ్డు మీద నడిచాం. కామ్ నదిలో పొడుగాటి గెడలతో పడవలు నడుపుతున్నారు. ఊరి మధ్య పచ్చికలో ఆవులు మేస్తుంటే మనవరాలు ఆగిపోయింది. ఆ బడి నడిచిన ఇల్లు, మాల్టింగ్ హౌస్, ఇప్పుడు డార్విన్ కాలేజీ వాళ్లది. బయటి నుంచే చూశాను. చాలాసేపు చూశాను.

1924 నుంచి 1929 దాకా, ఐదేళ్లే నడిచింది ఆ బడి. మొదట పదిమంది మగపిల్లలు, రెండున్నరేళ్లు దాటి ఐదేళ్లు నిండని వాళ్లు. తోటలో ఇసుక, బరువులు తగిలించే తూగుడుబల్ల, కుందేళ్లు, ఎలుకలు, కోళ్లు. నిజం రంపాలు, సుత్తులు పిల్లల చేతికిచ్చేవారు. ఆవిడ పాఠం చెప్పడం తక్కువ. పిల్లలు ఏమన్నారో అన్నట్టే రాసుకునేవారు. ఆ రాతల్లోంచే 1930లో, 1933లో రెండు పెద్ద పుస్తకాలు వచ్చాయి.

పియాజే కూడా ఈ బడి చూడటానికి వచ్చాడు. ఏది ఎందుకు జరుగుతుందో చిన్నపిల్లలు చెప్పలేరని ఆయన అభిప్రాయం. అదే సమయంలో తోటలో ఆరేళ్లు నిండని పిల్లవాడు మూడు చక్రాల సైకిలు మీద కూర్చుని పెడల్ వెనక్కి తొక్కుతున్నాడు. సైకిలు ముందుకెలా పోతుందని ఆవిడ అడిగారు. పెడల్ నుంచి చెయిను, చెయిను నుంచి చక్రం దాకా వాడు చూపించి మరీ చెప్పేశాడు.

నీళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ మనవరాలికి కుందేలు కథ చెప్పాను. 1925 జూలైలో బడి కుందేలు చచ్చిపోయింది. నీళ్లలో వేస్తే బతుకుతుందని ఒక పిల్లవాడు అన్నాడు. సరే చూద్దాం అన్నారు ఐజాక్స్ టీచర్. నీళ్లలో అది గుండ్రంగా తిరుగుతుంటే, కదులుతోంది కాబట్టి బతికే ఉందన్నారు పిల్లలు. ఆవిడ ఒక పుల్ల వేశారు. పుల్లా తిరిగింది. పుల్లకి ప్రాణం లేదని వాళ్లే ఒప్పుకున్నారు. కుందేలును పాతిపెట్టారు. మర్నాడు, అది అక్కడ ఉండదు, ఆకాశంలోకి పోయింది అన్నారు. ఉందో లేదో చూద్దామా అని ఆవిడ కూడా వాళ్లతో తవ్వారు. కుందేలు అక్కడే ఉంది.

కథ చెప్తుంటే నా క్లాసు గుర్తొచ్చింది. ఒకసారి కిటికీ దగ్గర పిచ్చుక చచ్చిపడి ఉంటే, రెండో తరగతి పిల్లవాడు "ఇది ఎక్కడికి పోయింది టీచర్?" అని అడిగాడు. "దేవుడి దగ్గరకి పోయింది, కూర్చో" అని పిచ్చుకను కాగితంతో తీసి చెత్తబుట్టలో పడేశాను. ఎక్కాలు మొదలుపెట్టాను. వాడు ఆ రోజంతా బుట్ట వైపే చూశాడు.

సుసాన్ ఐజాక్స్ తర్వాత లండన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో 1933లో పిల్లల ఎదుగుదల విభాగానికి హెడ్ అయ్యారు. మారుపేరుతో ఒక పత్రికలో తల్లుల ఉత్తరాలకు ఏళ్ల తరబడి జవాబులు రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో లండన్ నుంచి కేంబ్రిడ్జికి పంపిన పిల్లల్ని కలిసి, ఇంటివాళ్లకు దూరం కావడమే వాళ్లకు పెద్ద దెబ్బ అని తేల్చి చెప్పారు. 1948 అక్టోబరులో క్యాన్సర్‌తో పోయారు.

తిరుగు రైల్లో మనవరాలు నిద్రపోతుందనుకున్నాను. పోలేదు. "అమ్మమ్మా, ఇప్పుడు తవ్వినా కుందేలు ఉంటుందా?" అంది. ఎముకలు, మట్టి అని చెప్పబోయి ఆగాను. "మనం తవ్వి చూద్దామా?" అన్నాను. ఇంటికెళ్లగానే బాల్కనీలో తొట్టి తీసి ఒక వైపు అరటి తొక్క, ఇంకో వైపు ప్లాస్టిక్ స్పూను పాతాం. మూడో రోజుకే తవ్వేస్తానని గొడవ చేసింది, తవ్వనిచ్చాను. మళ్లీ పాతింది. రెండో ఆదివారం తవ్వేసరికి తొక్క నల్లబడి, మెత్తగా మట్టికి అతుక్కుపోయింది. స్పూను కడిగి చూసింది. ఎలా పెట్టామో అలాగే ఉంది. "ఇది ఎందుకు అవ్వలేదు?" అంది. నేను పెన్ను వెతుక్కుని, క్యాలెండరు వెనక ఆ మాట తారీఖు వేసి రాసుకున్నాను.