సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఎన్నికకు వాట్సాప్ పోల్ పెట్టేవాళ్లకు

తిరుపతిలో కాలేజీ గోడల మీద విద్యార్థి సంఘాల రాతలకు కరువు లేదు, గేట్ల దగ్గర ఫ్లెక్సీలకూ కరువు లేదు. లేనిది ఎన్నికొక్కటే. సంఘాల ఎన్నికలు మన రాష్ట్రంలో ఆగిపోయి దశాబ్దాలైంది. విద్యార్థి సంఘాల ఎన్నికలకు 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ నిబంధనలు ఇప్పుడు చదివితే భలే సరదాగా ఉంటాయి. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, పోస్టర్లు చేత్తో చేసినవే ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఒక్కటీ ఉండకూడదు. ఆ చివరి రెండూ గట్టిగా పట్టుకుంటే గోడ మీది నాయకుల్లో మిగిలేది గోడే.

కాబట్టి ఓటుతో దొరికే పదవి సీఆర్ ఒక్కటే, దానికి పోలింగ్ బూత్ వాట్సాప్. పోల్ తయారుచేసేటప్పుడు అడుగున ఒకటికి మించి ఎంచుకోనిచ్చే మీట ముందే ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపకుండా పంపేస్తే 60 మంది క్లాసులో 94 ఓట్లు పడతాయి. మొహమాటస్తులంతా పోటీలో ఉన్న ముగ్గురికీ వేసేస్తారు. అప్పుడు డిలీట్ చేసి కొత్తది పెట్టాలి. పెట్టిన నిమిషంలో "రిగ్గింగ్" అంటూ బ్రహ్మానందం స్టిక్కర్ దిగుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు, ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా కనిపించడం. "ఎవురికేసినావురా?" అని అడిగే పనే లేదు. అందుకే మొదటి గంట ఎవరూ కదలరు. రూమ్మేట్ అభ్యర్థిగా ఉన్నవాడి ఓటు రూమ్మేట్ ముందే పడుతుంది, రూమ్మేట్ నిద్రపోయాక మారుతుంది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు మరి. ఫలానా టైముకు తీసిన స్క్రీన్‌షాటే ఫలితమని ముందే రాసి పెట్టండి, స్క్రీన్‌షాట్ తీసే బాధ్యత పోటీలో లేనివాడికి ఇవ్వండి. శనివారం సాయంత్రం మాత్రం పెట్టొద్దు. సగం మంది పీలేరు, మదనపల్లె బస్సుల్లో ఉంటారు, భాకరాపేట ఘాట్‌లో సిగ్నల్‌ను నమ్ముకుని ప్రజాస్వామ్యం నడపలేం.

రహస్య ఓటు కావాలంటే గూగుల్ ఫారం. ఒక్కరికి ఒక్క స్పందనే అని పెడితే లాగిన్ అడుగుతుంది, కానీ నాలుగు జీమెయిళ్లున్నవాడికి నాలుగు ఓట్లు. రోల్ నంబర్ అడిగితే రహస్యం పోయింది. దారి ఒకటుంది: కాలేజీ ఇచ్చిన మెయిల్‌తోనే ఫారం తయారుచేసి, కాలేజీ ఖాతాలకే పరిమితం చేసి, ఒక్క స్పందన మీట ఆన్ చేసి, మెయిల్ చిరునామాలు సేకరించే మీట ఆపేయాలి. ఇంత చదివాక, రఫ్ నోట్సులోంచి నాలుగు కాగితాలు చించి ఒక్కోదాన్ని పదిహేను చీటీలు చేయడం మేలనిపిస్తే, అవును, అదే మేలు. పది నిమిషాల్లో లెక్క తేలుతుంది.

ప్రచారంలో బిర్యానీ ఎక్కడైనా ఉండేదే. మన ఊరి ప్రత్యేకత వేరు. మామయ్య చేత దర్శనానికి సిఫార్సు లేఖ ఇప్పించగల అభ్యర్థికి ఐదారు ఓట్లు పుట్టుకతోనే ఉంటాయి.

గెలిచాక ఫ్లెక్సీ. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఫొటో కోసం వాట్సాప్ డీపీని స్క్రీన్‌షాట్ తీసి షాపుకు పంపుతారు. డీపీ సుమారు 640 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు. దాన్ని రెండడుగులకు సాగదీస్తే అంగుళానికి 27 చుక్కలు కూడా రావు, నాయకుడి ముఖం ఇడ్లీ ప్లేటులా తయారవుతుంది. కెమెరా ఫొటోనే అడిగి, దాన్ని కూడా డాక్యుమెంట్‌గా పంపించుకోండి. మామూలుగా పంపితే వాట్సాప్ నలిపేస్తుంది. మీమ్‌కూ ఇదే సూత్రం: పది గ్రూపులు తిరిగొచ్చిన బొమ్మ మీద అక్షరాలు చదవాలంటే కంటి డాక్టరు కావాలి.

రెండో ప్రమాదం ఒత్తులు. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు అతికిస్తే "విద్యార్థి"లో అక్షరాలు విడిపోయి ఎవరిదారి వారు చూసుకుంటాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్ రెడీకి మార్చి, కొత్త ఫైలు తెరిచి మళ్లీ అతికించాలి. ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగానే దొరుకుతాయి: రామభద్ర, మండలి, ధూర్జటి. రాజుల కొలువును ఛీకొట్టిన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరున్న ఫాంటులో "మా అన్నకు శుభాకాంక్షలు" అని అచ్చేయడం మనకే చెల్లింది.

పదవిలోకొచ్చిన వారానికి సీఆర్ పెట్టే రెండో పోల్ మాస్ బంక్ మీద, అంటే అందరూ కలిసి క్లాసు ఎగ్గొట్టడం మీద. ప్రతి క్లాసుకూ సార్ ఉన్న గ్రూపొకటి, లేని గ్రూపొకటి ఉంటాయి. రెంటికీ పేరూ డీపీ ఒకేలా పెట్టుకోవద్దు. పొరపాటున సార్ ఉన్నదాంట్లో పడితే అందరికీ డిలీట్ చేయడానికి రెండు రోజుల పైనే గడువుంటుంది, కానీ "మెసేజ్ డిలీట్ అయింది" అన్న గుర్తు అక్కడే ఉంటుంది. సార్ అప్పటికే చూసేసి ఉంటే మాత్రం ఎవరెవరు "వస్తాం" అన్నారో పేర్లతో సహా జాబితా సిద్ధం, అటెండెన్స్ తీసే పని కూడా ఆయనకు తప్పింది.