ఇంకా పరిశీలనలోనే

"మీ ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉందండీ."

ఇవాళా అదే మాట. నలభై నిమిషాలు ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంటే, పది సెకన్లలో అయిపోయింది.

వైకల్య భత్యం రివ్యూ ఫారం పంపి ఏడు నెలలు దాటింది. గుమ్మం దగ్గర ఉత్తరం పడిన చప్పుడైతే చాలు, గుండె దడదడలాడుతుంది. ఆపేస్తారేమోనని టెన్షన్. ఆ టెన్షన్‌కి నొప్పులు ఎక్కువై రాత్రిళ్లు నిద్ర పట్టదు.

ఈమధ్య ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఫోన్ చేసిన తేదీ, ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు. ఇవాళ ఇంకో లైను కూడా రాశాను: "చొక్కా గుండీలకి పావుగంట. పైది పెట్టుకోలేక వదిలేశాను." ఫారంలో 'బట్టలు సొంతంగా వేసుకోగలరా' అని అడిగి అవును, కాదు అని రెండే గళ్లు ఇచ్చారు. నా పావుగంట ఏ గడిలో పడుతుంది?

బాగున్న రోజున చూసినవాళ్లు "బాగానే ఉన్నావుగా" అంటారు. బాగోని రోజులు ఎవరి కంటా పడవు. అందుకే రాసిపెడుతున్నాను.

ఇకనుంచి నెలకి ఒక్కసారే ఫోన్ చేస్తాను. జెరాక్స్ కాపీలన్నీ కవర్లో పెట్టి బీరువా పై అరలో దాచేశాను, ఊరికే కంటపడకుండా.

మీలో ఎవరైనా ఇలాగే ఎదురుచూస్తుంటే చెప్పండి. మాట్లాడుకుందాం.